కట్టెల కాంటా మీద నర్సమ్మ

నేను నర్సు ఎందుకయ్యానని ఎవరైనా అడిగితే సేవాభావం గురించి చెప్పాలి. మా బ్యాచ్‌లో అందరూ అదే చెప్పారు, వాళ్ళ విషయంలో అది నిజమే అయ్యుంటుంది. నా కారణం వేరు. మా నాన్నను కూర్చున్నచోటు నుంచి లేపగలిగిన మనిషిని నేను జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ నర్సు.

నాన్న గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు ఆఫీసు బీరువాలతో పాటు హైదరాబాదులో దిగారు. అశోక్‌నగర్‌లో మేడ మీది వాటాలో కిరాయికుండేవాళ్ళం. ఆయన పడక్కుర్చీలో కూర్చున్నారంటే గోడ గడియారం కూడా మెల్లగా కొట్టేదని నేను అందరికీ చెబుతుంటాను. నిజానికి అది కొట్టేదే కాదు, ఎప్పుడో ఆగిపోయింది. ఆగిపోయిందని ఆయనతో చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

నేను ఎచ్చెస్సీ చదువుతున్న ఏడాది చలికాలం అమ్మకు టైఫాయిడ్ వచ్చి పెద్దాసుపత్రిలో చేర్చాం. నాన్న ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, అమ్మ మంచం అంచున కూర్చున్నారు. అప్పుడొచ్చింది ఆ సిస్టరు. మనిషి నా చెవిదాకా వస్తుందేమో, అంతే. "పేషెంటు మంచం మీద కూర్చోకూడదు. లేవండి" అంది. గొంతు పెంచలేదు, రెండోసారి చెప్పలేదు. నాన్న లేచారు. లేవడమే కాదు, తాను కూర్చున్నచోట దుప్పటి ముడత కూడా సరిచేశారు. దుప్పటి అనే వస్తువును ఆయన చేత్తో ముట్టుకోగా చూడటం నాకదే మొదలు. ఈ ఉద్యోగం నాకు కావాలని అక్కడే అనుకున్నాను.

ఎచ్చెస్సీ పాసయ్యేనాటికి ఊళ్ళో తెలంగాణ ఉద్యమం. కాలేజీలు మూతపడ్డాయి. రోజు మార్చి రోజు బంద్. నర్సింగ్ స్కూల్లో చేరడానికి దరఖాస్తులు పిలుస్తున్నారని పేపర్లో పడితే, ఆ ముక్క కత్తిరించి నాన్న కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. ఆయన చదివారు. పక్కకు నెట్టారు.

"మన ఇళ్ళల్లో ఆడపిల్లలు ఆ పనికి వెళ్ళరు."

"మరి అమ్మను చూసింది ఎవరింటి ఆడపిల్ల నాన్నా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. నాన్న ఆ ముక్కను మళ్ళీ దగ్గరకు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, ఆఫీసు ఫైలులో తప్పు వెతికినట్టు వెతికారు. దొరికింది. అభ్యర్థిని కనీసం నలభై రెండు కిలోల బరువుండాలి. ఆయన ముఖం వెలిగింది.

"నువ్వు ఓణీ మోయడమే గొప్ప. మంచంలో మనిషిని ఏం లేపుతావు? ఈ బరువు తూగిన రోజు చెప్పు, నేనే వెంట వచ్చి సంతకం పెడతాను."

తండ్రి సంతకం లేకుండా ఎవరినీ చేర్చుకోరు. నా బరువు ఎప్పటికీ అంత కాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. అప్పట్లో కింద గేటుకు తాళం వేసి ఉంటే తీయమని నేను ఎవరినీ పిలిచేదాన్ని కాదు, కమ్మీల మధ్య నుంచి వచ్చేసేదాన్ని. ఇందులో సగం నిజం. ఏ సగమో మీరే తేల్చుకోండి.

ఆ రోజు నుంచి తినడం మొదలుపెట్టాను. ఆకలేసి కాదు, పంతం పట్టి. అరటిపండ్లు, పేరిన పెరుగు, వేరుశెనగ ఉండలు, ముద్దపప్పు. చిక్కడపల్లి మార్కెట్టులో అరటిపండ్ల బండాయన నన్ను దూరం నుంచి చూడగానే గెల కిందికి దించేవాడు. ఆ ఎండాకాలంలో అతను రెండో బండి కొన్నాడు. నా పేరు దాని మీద రాయిస్తానన్నాడు కూడా, నేనే వద్దన్నాను. అమ్మ నాన్నకు ఎదురు ఒక్క మాట అనలేదు. కానీ నా అన్నంలో నెయ్యి వేసే చెంచా మారింది. అది చెంచా కాదు, చిన్న గరిటె.

కింది వాటాలో ఇంటామె ఉండేది. తరాలుగా ఈ ఊరివాళ్ళు. బయట గొడవలు ముదిరి, మావైపు నుంచి వచ్చినవాళ్ళు కొందరు సామాన్లు కట్టుకుంటున్న రోజులవి. యాస బయటపడుతుందని, బజారులో గట్టిగా మాట్లాడొద్దని అమ్మ చెప్పేది. నేను ఇంకాస్త గట్టిగా మాట్లాడేదాన్ని. నోరు మూసుకుంటే కిలోలు పెరగవు కదా. ఇంటామె మాత్రం నన్ను మెట్ల దగ్గరే ఆపి, గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి చేతిలో పెట్టేది. "బయట లొల్లి బయటనే. నా ఇంట్ల కిరాయికున్న పిల్ల ఇంత బక్కగుంటే నాకు నామోషి. తిను" అనేది. తినేవరకూ కదలనిచ్చేది కాదు.

తినడం సరే, పెరిగానో లేదో తెలిసేదెట్లా? అశోక్‌నగర్ మూల దాటి చిక్కడపల్లి రోడ్డెక్కితే కట్టెల అడితి ఉండేది. దూలానికి గొలుసులతో వేలాడే పెద్ద కాంటా, ఒక పళ్ళెంలో ఇనుప గుండ్లు, ఇంకో పళ్ళెంలో కట్టెలు. ఆ అడితి పెద్దాయనను అందరూ కాకా అనేవాళ్ళు. ఆ కాంటా మీద మా ఇంట్లో ఎప్పుడూ అనుమానమే. కట్టెలు మేడ ఎక్కేలోగా సగం చిక్కిపోతాయని అమ్మ సణిగేది. నాన్న ఒకసారి గొడుగు ఆడిస్తూ వెళ్ళి, అది దొంగ కాంటా అని నలుగురిలో అనేసి వచ్చారు. అయినా కట్టెలు అక్కడే కొనేవాళ్ళం. వేరే అడితి దూరం.

"కాకా, నన్ను తూస్తావా?" అన్నాను.

"నిన్నా? ఎందుకే, మీ నాయన పొయ్యిల పెడ్తడా?"

సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. భుజం మీది తువ్వాలుతో పళ్ళెం దులిపి, నన్ను కూర్చోబెట్టి, అవతల గుండ్లు పేర్చాడు. నా పళ్ళెం గాలిలోనే ఉండిపోయింది. కాకా ఒక తుమ్మ మొద్దు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. పళ్ళెం దిగింది. "గీ మొద్దంత తక్కువున్నవ్ బిడ్డా. దీన్ని పక్కకు పెడ్త. ఇది అవసరం లేనినాడు నువ్వు నర్సమ్మవు" అన్నాడు. ఆ మొద్దును ఎవరికీ అమ్మకుండా గోడకు ఆనించాడు.

ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. గిరాకీ ఉంటే ఆగాలి. ఊరికే నిలబడటం చేతకాక మోపులు ఎత్తి బండికి అందించేదాన్ని. మొదటిసారి నడుము పట్టేసింది. కాకా చూసి, "నడుముతో గాదు, తొడలతో లేపాలె. బరువును ఒంటికి ఆనించుకో. దూరం పట్టుకుంటే అదే నిన్ను కింద పడేస్తది" అని చూపించాడు. కొన్నాళ్ళకు చింత మోపులు కూడా నాకు లొంగాయి. "ఇంత తిని అంత మోస్తే ఏం పెరుగుతవే" అని కసిరేవాడు గానీ, మోయడం మానమనలేదు.

నర్సింగ్ స్కూలు నుంచి పిలుపొచ్చింది. తండ్రితో సహా రావాలి, వైద్య పరీక్ష ఉంటుంది. ముందురోజు సాయంత్రం కాంటా ఎక్కాను. మొద్దు లేకుండానే ముల్లు నిలబడింది. కాకా ఆ మొద్దును తీసి మామూలు కట్టెల్లోకి విసిరేశాడు. ఇంటికొచ్చి చెబితే నాన్న పేపరు దించలేదు. రేపు బంద్ అట, ఆసుపత్రివాళ్ళు కూడా రారులే అన్నారు.

"ఆసుపత్రికి బంద్ ఉండదు నాన్నా."

పేపరు దిగింది. ఆడిన మాట ఆయనదే, తప్పే రకం కాదు. తెల్లారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని సిద్ధమయ్యారు. బస్సుల్లేవు, రిక్షాల్లేవు. నడిచే వెళ్ళాలి అనుకుంటుంటే గేటు ముందు కాకా తోపుడు బండితో ప్రత్యక్షం. ఎండలో అంతదూరం నడిస్తే పెరిగిందంతా కరిగిపోతుందని, రేపు తన కాంటాకు చెడ్డపేరొస్తుందని, నన్ను నడవనివ్వనని పట్టుబట్టాడు. అలా నేను గోనెసంచి పరిచిన కట్టెల బండి మీద మఠం వేసుకుని, ఒక చేతిలో అరటిపండు పట్టుకుని అశోక్‌నగర్ దాటాను. నాన్న మాకూ తనకూ సంబంధం లేనంత దూరంలో నడిచారు.

నారాయణగూడ చౌరస్తాలో కుర్రాళ్ళు అడ్డం నిలబడి ఉన్నారు. బండి ఆపారు. ఎవరు, ఎక్కడివాళ్ళు అని ఒకతను అడిగాడు. అశోక్‌నగర్ అన్నాను. "అది గాదు, అసలు ఎక్కడోళ్ళు?" అన్నాడు. నాన్న దగ్గరకొచ్చి గొడుగు చేయి మార్చుకున్నారు. ఆ ప్రశ్నకు అప్పటికి పదేళ్ళకు పైగా ఆయన దగ్గర జవాబు లేదు.

"నా బస్తీ పిల్లరా" అన్నాడు కాకా. "దవాఖానకు తీస్కపోతున్న."

"ఏం బీమారి?"

కథలల్లడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. గుండెజబ్బు అనొచ్చు, కళ్ళు తేలేయొచ్చు. కానీ ఆ రోజు ఎందుకో ఒళ్ళు మండింది. "బీమారి లేదన్నా, బరువు తక్కువ. నర్సు కావాలంటే తూకం సరిపోవాలంట. నడిస్తే తగ్గిపోతానని బండెక్కిచ్చిండు" అన్నాను, వాళ్ళ మాటలోనే. నా జీవితంలో నేను చెప్పిన నిజాల్లో ఇంత అబద్ధంలా వినపడింది ఇంకోటి లేదు. వాళ్ళు నన్ను చూశారు, అరటిపండును చూశారు, ఒకతను పకపకా నవ్వాడు. తర్వాత ముగ్గురు వెనక చేరి చాలాదూరం బండిని తోశారు. వందమంది తోశారని కూడా నేను చెప్పడం కద్దు. ముగ్గురే.

ఆసుపత్రి గదిలో డాక్టరమ్మ, పక్కన మేట్రన్. బరువు చూసే మిషను ఎక్కాను. డాక్టరమ్మ వంగి చూసింది. అర కిలో తక్కువ.

నా వెనక నాన్న గొంతు వినిపించింది. "చెప్పానా, అది దొంగ కాంటా అని." ఎన్నేళ్ళ తగువో అది, ఒక్క అర కిలోతో గెలిచారు. ఆ సంతోషంలో కాళ్ళు లాగుతున్నాయని పరీక్ష మంచం అంచున కూర్చున్నారు. గొడుగు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నారు.

వచ్చే ఏడాది రమ్మంది డాక్టరమ్మ. వచ్చే ఏడాదికి నాన్న ఏం మెలిక పెడతారో ఎవరికి తెలుసు. నేను మిషను దిగలేదు. ఆ బరువు ఎందుకు అడుగుతున్నారని అడిగాను.

"మనుషుల్ని ఎత్తాలి, తిప్పాలి. నీవల్ల అయ్యే పని కాదమ్మా."

దిగాను. నేరుగా నాన్న ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

"పేషెంటు మంచం మీద కూర్చోకూడదు నాన్నా. లేవండి."

ఆయన నవ్వారు. లేవలేదు. ఒక చెయ్యి వీపు వెనక, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి, చింత మోపును ఆనించుకున్నట్టు ఒంటికి ఆనించుకుని, తొడలతో లేచాను. గొడుగు పడింది. ఒక కాలి చెప్పు ఊడి పడింది. కళ్ళజోడు వంకర పోయింది. నాన్న నా చేతుల్లో ఉన్నారు. మేట్రన్ అంది, "ఎత్తడం చూశాం. ఇప్పుడు దించు. మెల్లగా. దించడమే కష్టం."

మోకాళ్ళు వంచి, కుదుపు లేకుండా, మంచం మీద కాదు, పక్కనున్న కుర్చీలో దించాను. మేట్రన్, డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో మాట్లాడుకున్నారు. ఆ అర కిలో సంగతి మెస్సులో చూసుకుంటామని, సంతకం పెట్టించమని మేట్రన్ కాగితం తోసింది. నాన్న కళ్ళజోడు సరిచేసుకున్నారు. నావైపు చూడకుండా, "ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు. పెట్టారు.

ఈ కథ మా బస్తీలో మూడు రకాలుగా ఉంది. కాకా చెప్పేదాంట్లో నేను నాన్నను ఎత్తుకుని వరండా అంతా తిరిగి వచ్చాను. ఆయన ఆ గదిలోకి రానేలేదు, బయట బండి దగ్గరున్నాడు. నాన్న చెప్పేదాంట్లో నేను ఎత్తనేలేదు, ఆయనే లేచారు. అదే నిజమనుకున్నా నాకు నష్టం లేదు. నర్సు చెబితే లేవడం ఆయనకు అంతకుముందే అలవాటు. మూడోది మీకు చెప్పాను.

బయటికొచ్చి చూస్తే నాన్న చెప్పుకు బొటనవేలి ఉంగటం తెగిపోయి ఉంది. ఒంటి చెప్పుతో ఆ ఎండలో నాన్న నడవలేరు. కాకా గోనెసంచి దులిపాడు. నాన్న చాలాసేపు దాన్ని చూసి, ఎక్కి, గొడుగు విప్పుకుని కూర్చున్నారు. కాంటా సంగతి ఎత్తారు. "కాంటా తప్పు గాదు సార్, తొవ్వల కరిగింది" అన్నాడు కాకా, తల ఎత్తకుండా బండి తోస్తూ. ఇక నాకు బరువుతో పని లేదు కాబట్టి నేనూ వెనక చెయ్యి వేశాను. చౌరస్తాలో పొద్దుటి కుర్రాళ్ళు ఇంకా ఉన్నారు. "ఏమైందక్కా, సార్‌ను ఏస్కొస్తున్నవ్?" అని అడిగారు.

"పేషెంటు" అన్నాను.

నాన్న గొడుగు కాస్త కిందికి దించుకున్నారు గానీ, కాదనలేదు.

మర్నాడు మా ఇంటికొచ్చిన కట్టెలు ఎప్పటికన్నా రెండు వరసలు ఎక్కువగా ఉన్నాయని అమ్మ ఆశ్చర్యపోయింది. కానీ అది మర్నాటి మాట. ఆ సాయంత్రం అన్నాలకు కూర్చున్నప్పుడు నాన్న నావైపు చూడలేదు, అమ్మవైపు చూశారు. "ఇక దీనికి ఆ నెయ్యి తగ్గించు" అన్నారు.

అమ్మ గరిటె పట్టుకుని ఆగింది. నేను కంచం ముందుకు జరిపాను.