దోన్ లిబోరియోకి రాని లెక్క

“నీకు ఏడు దాకా లెక్కపెట్టడం రాదా?” అని కొట్టు నజారియో దోన్ లిబోరియోను నలుగురిలో అడిగేశాడు. అప్పటికి నజారియో తొమ్మిదో చకరేరా నాట్యం ఆడుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది, కొత్త బూట్లు కరుస్తున్నాయి.

“రాకేం. ఇప్పుడు ఐదోది,” అన్నాడు దోన్ లిబోరియో, డోలు ఆపకుండానే.

ఆ మనిషికి ఉన్న జబ్బు అదొక్కటే. ఏడు దాకా లెక్క రాదు. ఇంకో ఊళ్ళో అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. మా సాంతియాగో అడవుల్లో మాత్రం మొక్కులన్నీ తెలెసీతకే. ఎక్కడ డోలు వినిపిస్తే అక్కడికి వెళ్ళి ఆడి, చివరికి నిప్పంటుకుని పోయిన పిచ్చిపిల్ల ఆమె. పోగొట్టుకున్నది దొరికితే, మొక్కినవాళ్ళు ఆమె గుడ్డబొమ్మ ముందు ఏడు చకరేరాలు ఆడాలి. ఆటకో గ్లాసు చెరకు సారా తాగాలి. చివర బొమ్మను కాల్చాలి. ఎన్ని అయ్యాయో చెప్పేది డోలు వాయించేవాడు. అతని మాటకు తిరుగులేదు. పాతికేళ్ళుగా ఆ డోలు దోన్ లిబోరియోది.

తప్పిపోయిన గిత్త దొరికినందుకు నజారియో చేత ఆ రోజు పదకొండు ఆడించాడు. నజారియో కొట్లో కిలో అంటే తొమ్మిది వందల గ్రాములు. పోలీసు సార్జెంటు చేత పదమూడు ఆడించాడు. నడుంనొప్పి తగ్గి, పోయి దొరికిన రివాల్వరు మళ్ళీ నడుముకి పెట్టుకోవడానికి సార్జెంటుకి ఇంకో వారం పట్టింది.

నేను తుకుమాన్ పట్నంలో డిగ్రీ చేసి వచ్చిన కొత్తలో, ఆయన డోలు మీద ఏడు సుద్దగీతలు గీశాను. ఆటకొకటి చెరిపెయ్యమన్నాను.

“చదువంటే ఇదీ!” అని మెచ్చుకుని, మొదటి ఆటకే మోచేత్తో ఏడూ తుడిచేశాడు.

ఆ సంవత్సరం జూలైలో, అంటే మాకు నడి చలికాలంలో, కెబ్రాచో చెట్లు నరకడానికి వెళ్ళిన క్రిసాంతో తిరిగి రాలేదు. కలప గుత్తేదారు ‘పారిపోయాడు’ అని పుస్తకంలో రాసుకుని వెతకడం మానేశాడు. శవమైనా దొరికితే చాలని భార్య హసింతా మొక్కుకుంది. తొమ్మిదో రోజున దొరికాడు, తను నరికిన చెట్టు కిందే. పూడ్చిపెట్టడం అయింది. మొక్కు మిగిలింది.

హసింతాది పదేళ్ళు బొగ్గుబట్టీల పొగ మింగిన ఛాతీ. బావి నుంచి బకెట్టు తెచ్చుకునేలోపు రెండుసార్లు కూర్చునేది. ఆడితే బతకవని డాక్టరు చెప్పాడు. నీ బదులు మేం ఆడతామని ఆడవాళ్ళు అన్నారు.

“మొగుడు నావాడు, మొక్కు నాది. ఒక్కటి తగ్గినా అతను నిమ్మళంగా పడుకోడు,” అంది.

మొక్కుల మీద నాకు చాలా అభిప్రాయాలు ఉన్నాయి. ఆ రోజు వాటిని పక్కనపెట్టి, బొమ్మకు పాతగుడ్డలు తెచ్చిచ్చాను.

చలికాలపు ఎండలో మొదలుపెట్టారు. ఎదురుగా మరిది మడమలు నేలకు తాటిస్తుంటే, హసింతా పావడా అంచులు ఊపుతూ చుట్టూ తిరిగింది. ఒకటి. సారా గ్లాసు సగంలోనే దగ్గు వచ్చింది. రెండు. పెదాలు నీలమయ్యాయి. మూడోది ముగిసేసరికి డోలు పట్టుకుని వంగిపోయింది.

“ఆరు,” అన్నాడు దోన్ లిబోరియో.

“మూడే కదా, తాతా?”

“ఆడటం నీ పని, లెక్క నా పని. నా పని కూడా నువ్వే చేస్తే ఎట్లా?”

నా డిగ్రీ నా నోరు తెరిపించింది. పక్కనున్న నజారియో బూటుకాలితో నా పాదం తొక్కిపెట్టాడు. “నోర్ముయ్. ఆరే. నేనూ లెక్కపెట్టాను.”

హసింతా అందరి మొహాలూ చూసింది. “ఆరేనా?”

“ఆరే,” అంది ఊరు.

“నేనైతే ఏడనుకున్నా,” అన్నాడు సార్జెంటు.

“ఈ ముసలాయన లెక్క తప్పని ఇన్నాళ్ళూ తిట్టుకున్నారే,” అంది హసింతా. భర్త పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి. చివరిది ఆడింది. అంత నిదానంగా చకరేరా వాయించడం నేను మళ్ళీ వినలేదు. బొమ్మ కాలింది. హసింతా ఇప్పటికీ రెండుసార్లు కూర్చుని నీళ్ళు తెచ్చుకుంటోంది.

ఇంటికి వెళుతూ అడిగాను. “అసలు మీకు ఎంతదాకా వచ్చు, దోన్ లిబోరియో?”

“నాలుగు వేల రెండువందల పదహారు దాకా,” అన్నాడు తడుముకోకుండా.

వయసులో ఉండగా ఆయన గొడ్డలితో చెక్కిన, రైలుపట్టాల కింద వేసే స్లీపరు దిమ్మెలు అన్ని. అప్పటి గుత్తేదారు పుస్తకంలో పడినవి నాలుగు వేలు. మిగతా రెండువందల పదహారింటి కూలి ఆయనకు ఇంకా రావాలి.