ఎడమ పక్క వదిలిన జాగా

మొన్న మనవరాలు ఫోనులో ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది, ఆఫీసు పనంతా కంప్యూటర్‌కి ఒకే భాషలో రాయాలా, పనికొక భాష ఎంచుకోవాలా అని. బియ్యంలో రాళ్ళేరుతున్న నా చెయ్యి ఆగిపోయింది, ఎందుకంటే ఎనభైల్లో, రాయగడలో, ఆ తగవు మా ఇంటికి నా వల్లే వచ్చింది.

మా చిన్నమ్మాయి విశాఖపట్నంలో కంప్యూటర్ నేర్చుకుంటానంటే, రెండు భాషలకి రెండు ఫీజులనేసరికి ఒక్కటి చాలన్నాను. కోబాల్ అనే కంప్యూటర్ భాష ఒక్కటే నేర్చుకొచ్చి మా ఊరి ఫ్యాక్టరీ ఆఫీసులో ట్రైనీగా చేరింది. స్టోరు సామాన్ల జాబితాలు చక్కగానే రాసింది గానీ, ఇంజనీర్లు ట్యాంకుల కొలతల లెక్క అడిగితే అదీ కోబాల్లోనే పేజీలకి పేజీలు లాగింది. పక్క సీటాయన ఫోర్ట్రాన్ అనే ఇంకో భాషలో అరపేజీలో తేల్చేశాడట. నెలలో అది నేర్చుకుంటేనే ఉద్యోగం ఖాయమన్నారు ఆఫీసరు.

ఆ సాయంత్రం కంచం ముందు కూచుని, "నువ్వు గుడారి సంతలో కోదులతో కువి, కొట్లో ఒడియా, ఇంట్లో తెలుగు మాటాడతావు, నాకు మాత్రం ఒకటి సాలా అమ్మా?" అంది.

పక్క సీటాయనే తన పుస్తకం వారం రోజులకి ఇచ్చాడు. అమ్మాయి డ్యూటీకెళ్ళగానే దాన్ని కాగితాల మీదికి దించడానికి నేను కూచునేదాన్ని. మూడో తరగతి చదువు, ఇంగ్లీషు రాదు, ముగ్గు చూసి ముగ్గేసినట్టు అక్షరాలు దించాను, కాగితం దండగ కాకూడదని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నింపుతూ. పుస్తకం తిరిగిచ్చేశాక నా కాగితాలు చూసే నేర్చుకున్న పిల్ల రాసిన ఒక్క వరసా మెషీను ఒప్పుకోలేదు. గడువు నాలుగు రోజులే ఉంది. కోబాల్లో ఉన్నట్టే ఆ భాషలోనూ ఎడమ పక్క ఆరక్షరాల జాగా ఖాళీగా వదలాలట, నా కాగితాల్లో అది లేకపోయేసరికి ఇందులో అక్కర్లేదనుకుందట పిల్ల. పుస్తకంలో ఉన్న ఆ ఖాళీని మింగేసింది నేనే.

"కాయితం మిగిల్సి నా ఉద్యోగం ఊడగొట్టీసేవే అమ్మా!" అని నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. ఖాళీకి కూడా పనుంటాదని నాకేటి తెల్సమ్మీ, అన్నాను.

అన్నీ మళ్ళీ రాసుకుంది. ఆఖరి రోజు ఫ్యాక్టరీ సైరన్ కూసిన దగ్గర్నుంచి గుమ్మంలోనే నిలబడ్డాను. రిక్షా దిగుతూ, డబ్బులివ్వడం కూడా మరిచి, ఉద్యోగం ఖాయమైందన్నట్టు తల ఊపింది.

ఇప్పటి మెషీన్లు చాలావరకు ఆ జాగా అడగవట. మనవరాలికి అయిదు భాషలొచ్చు, అయినా చాలవేమోనని బెంగ. నేను మాత్రం సరుకుల చీటీ రాసినా ఎడమ పక్క బొటనవేలంత వదిలేస్తాను. ఆ ఖాళీ ఎందుకని ఈ ఇంట్లో ఎవరూ అడగరు.