కాక పడవ ఇంజన్

పొద్దటి షిఫ్టుకు పోయి హాజరు వేయించుకుంటుంటే ఫోన్ వచ్చింది, మా పక్కింటి కాక పోయాడని. ప్రార్థన చేసుకుని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. నాకు స్పానర్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అంతటి మనిషి పోయాడంటే నాకు ముందు ఏడుపు రాలేదు. ఏళ్లుగా ఆయన దగ్గర దాచిన సంగతి ఇక చెప్పే పని తప్పిందనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి ఈ నాలుగు మాటలు మీతో చెప్పుకుంటున్నాను.

కాకకు వదులు బోల్టు కనబడితే ఊరుకోబుద్ధి అయ్యేది కాదు. చర్చిలో అందరూ పాట పాడుతుంటే ఆయన ముందు బెంచీ బోల్టు వేళ్లతో బిగించేవాడు. ఆయన భార్య చిన్నమ్మ మోచేత్తో పొడిస్తే, "దేవునికి ఊగే బెంచీ ఎందుకే?" అనేవాడు.

రిటైరైన తర్వాత ఒకరోజు గోదావరిఖనిలో పాత సామాన్ల దుకాణం ముందు నా స్కూటర్ ఆపించాడు. ఇనుప కుప్ప కింద తుప్పుపట్టిన ఇంజనొకటి పడి ఉంది. పొలానికి నీళ్లు తోడేదని దుకాణపాయన చెప్పాడు. కాక దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, వెనకనున్న లివర్ మీద చెయ్యి వేశాడు.

"వెనక్కి తిప్పే గేరున్నది చూడురా. పొలం నీళ్లను మళ్ల బాయిలకు నూకుతదా? ఇది పడవ ఇంజన్."

బేరమాడి కొని, ట్రాలీ ఆటోలో ఇంటికి తీసుకొచ్చాడు. వచ్చాక చెప్పాడు. వంతెనలు లేని కాలంలో వాళ్ల బాపు గోదావరి మీద లాంచీ నడిపేవాడట. కాక చిన్నప్పుడే ఆ తండ్రి పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. "అదే ఇంజన్ అయితే, మా బాపు చెయ్యి పడ్డ ఇనుమురా ఇది," అన్నాడు.

ఇంజన్ వాళ్ల పెరట్లో రేకుల కిందికి చేరింది. పిస్టన్ పట్టేసి ఉంటే పదిహేను రోజులు కిరోసిన్ పోసి నానబెట్టాడు. సుత్తి తీసుకోబోయిన నన్ను ఆపి, "ఇనుముకు జల్ది పనికిరాదు, మొండికేస్తది," అన్నాడు. ఇత్తడి పలకను చింతపండుతో తోమితే ఇంగ్లండ్ కంపెనీ పేరు బయటపడింది. నంబరు మాత్రం అరిగిపోయింది. ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఈ ఇంజన్ ఎవరిదో తెలుస్తుందా అని ఆ కంపెనీకి నేనే మెయిల్ కొట్టాను.

జవాబు రాకముందే కాక కంటి ఆపరేషన్‌కు కరీంనగర్ పోయాడు. వచ్చేసరికి ఇంజన్‌ను మెరిపిద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మా వర్క్‌షాపులో ఒకటే మంత్రం: కనబడిన తుప్పుకల్లా గ్రైండర్ పెట్టి అరగదీయి, ఎర్ర ప్రైమర్ పూత కొట్టు. అదే చేశాను. సిలిండర్ కింద ఒకచోట తుప్పు లేస్తుంటే పంచ్‌తో కొట్టిన అంకెల్లాంటివి కనబడ్డాయి. చూశాను. చూసి కూడా, నున్నగా వస్తోంది కదాని ఇంకో రెండు తిప్పులు తిప్పాను.

కాక వచ్చిన రోజే జవాబు కూడా వచ్చింది. సిలిండర్ కింద చెక్కిన నంబరు పంపితే, ఇంజన్‌ను ఎవరికి అమ్మారో పాత రిజిస్టర్లు చూసి చెబుతామన్నారు. వాళ్ల బాపు నడిపిన లాంచీ కాంట్రాక్టరు పేరు కాకకు నోటికి వచ్చు; రెండు పేర్లూ కలిస్తే తేలిపోతుంది. నల్లద్దాలు పెట్టుకుని, ఆ చోట వేళ్లతో తడుముతూ, "నంబరేదిరా?" అన్నాడు.

"తుప్పు తిన్నది కాకా."

అంతే. కాక ఆ చోట బొటనవేలితో ఇంకోసారి రుద్ది, లోపలికి పోయాడు.

రెండు నెలలకు ఇంజన్ నడిచింది. ఇంజన్ చల్లబడడానికి డ్రమ్ములో నీళ్లు పోసి పైపు పెట్టి, హ్యాండిల్ తిప్పాడు. వాడకట్టంతా గుమిగూడింది. పొగలో నిలబడి కాక నవ్వుతూ, "మా బాపుదో కాదో. ఎవని బాపుదో అయితే అయితది," అన్నాడు. నేను తల తిప్పుకున్నాను.

తర్వాత ఆ ఇంటికి పోవడం మానేశాను. పిలిస్తే డ్యూటీ అనేవాణ్ణి. తెలంగాణ సమ్మెలో గనులన్నీ బందై ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లోనూ తీరిక లేదనే చెప్పాను. రాష్ట్రం వచ్చింది, స్వీట్లు పంచుకున్నాం, ఆయనకు మాత్రం గోడ మీది నుంచే అందించాను.

సమాధి చేసిన మూడోరోజు పోయి చిన్నమ్మకు అంతా చెప్పాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ముప్పై ఏండ్లు ఇనుముతోటి బతికిన మనిషి బిడ్డా. తుప్పు తిన్నదేదో, గ్రైండర్ తిన్నదేదో ఎర్కలేదా? 'నువ్వు అడగకు, వాడే వచ్చి చెప్తడు' అని నాతోటి అన్నడు. నువ్వు మా వాకిలి ముంగట నుంచి పోయినప్పుడల్లా, వచ్చి కూసుంటవేమోనని పక్క కుర్చీ మీది పేపర్ తీసి పెడ్తుండె."

పెరట్లోకి పోయి రేకుల కింద నిలబడ్డాను. ఇంజనంతా కాక ఆకుపచ్చ రంగు వేశాడు. సిలిండర్ కింద అరచేతంత చోట నా ప్రైమర్ గీకేసి, రంగు వెయ్యకుండా వదిలేశాడు. తుప్పు తిన్నదని నేను చెప్పిన ఆ చోట ఒక్క తుప్పు చుక్క లేదు. ముట్టుకుంటే వేలికి నూనె అంటింది, మొన్న ఆయన రాసిన నూనె.