రెండు రోల్స్ తేడా

మొన్న శుక్రవారం కువైట్‌లో, బ్నీద్ అల్ గార్‌లోని మా ఫ్లాట్ బాల్కనీలోకి మా ఆవిడ ఒక పూలతొట్టి కొనుక్కొచ్చింది. కింద ఇరుకు, పైన వెడల్పు, పక్కలు వాలుగా ఉన్న పొడుగాటి తొట్టి. లోపల ప్లాస్టిక్ షీటు పరవాలంది. నేను టేపు వెతికి తెచ్చేలోపే పాత న్యూస్‌పేపరు తొట్టిలోకి నొక్కి, గోడలకి ఆనించి, బయటికి తీసి, అదే కొలతకి షీటు కత్తిరించేసింది. వెంట్రుకవాసి తేడా లేదు. "ఇంజనీరుగారూ, ఇక మీ టేపు లోపల పెట్టేసుకోండి," అంది. ఇంకో రోజైతే ఏదో ఒక వంక పెట్టేవాణ్ణే. ఆ రోజు మాత్రం టేపు తీసుకెళ్లి లోపల పెట్టేశాను. పదేళ్ల కిందటి సబా అల్ సలేం సైటు గుర్తొచ్చింది.

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. కళ్లెదుట పితికిన పాలలో కూడా నీళ్లు వెతికే రకం నువ్వు, అనేది మా అమ్మ. కువైట్ వచ్చాక సైటు మీద మెటీరియల్ బాధ్యత నాకే అప్పగించారు. అంటే జీతమిచ్చి మరీ అనుమానపడమన్నారన్నమాట. ఆ సైటు ఒక పెద్ద విల్లా. గేటుకి అటూ ఇటూ కాంక్రీటు పూలతొట్లు, ఒక్కోటి పాతిక మీటర్ల పొడవు. అడుగున వెడల్పు మీటరు, పైన రెండు మీటర్ల ఇరవై, లోతు ఎనభై సెంటీమీటర్లు. స్కూల్లో సమలంబ పట్టకం అని బట్టీ పట్టించేవారే, అదే. మట్టి పోసేముందు లోపలంతా నీళ్లు దిగని షీటు అంటించాలి. అడుగూ రెండు పక్కలూ కూడి పొడవుతో హెచ్చవేసి, కొసలు రెండూ కలిపి, అతుకులకి కాస్త ఎక్కువ వేసి రోల్స్ తెప్పించాను. అంటించే మేస్త్రిది రాయచోటి దగ్గర పల్లె. నాకన్నా పెద్దవాడు, మాట తక్కువ. మూడోనాడు వచ్చి, "ఇంకా రెండు రోల్స్ కావల్ల సార్," అన్నాడు.

రెండు రోల్సా! నా లెక్క తప్పే ప్రసక్తే లేదు కదా, మరి షీటు ఏమైనట్టు? అప్పట్నించీ ఆయన దగ్గినా తుమ్మినా నాకు అనుమానమే. తల దించుకుని పని చేసుకుంటుంటే, అదిగో, భుజాలు తడుముకుంటున్నాడు అనుకున్నాను. మా అందరి వీసాలకీ పూచీ ఉన్న యజమాని, కఫీల్‌కి ఫోన్ చేసి మెటీరియల్ మాయమవుతోందని చెప్పేశాను. ఆయన ఇంకేం అడగలేదు. ఆదివారంలోగా దొరక్కపోతే ఖలాస్, ఇఖామా, అదే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్, క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించెయ్ అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా సైటంతా పాకింది.

మేస్త్రి ప్రతి గురువారం సాయంత్రం ఒక గుడ్డసంచి పట్టుకుని బయటికి పోయేవాడు. ఆ గురువారం గేటు దగ్గర ఆపాను. మీటరు వెడల్పున, పది మీటర్ల షీటు చుట్టిన రోలు ఆ సంచిలో ఎలా పడుతుందన్న ఇంగితం కూడా లేకపోయింది నాకు. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా! అందరి ముందూ సంచి విప్పించాను. చెనిక్కాయల పొడి సీసా, ఒక జత ఆడవాళ్ల చెప్పులు. అంతే.

"మా ఇంటిది ఎనక వీధిలోనే కువైటీ మేడం ఇంట్లో పని చేస్తాది సార్. గురువారం ఒక గంట బయటికి పంపిస్తాది ఆయమ్మ. నన్ను పంపించేస్తే అదొక్కతే అయిపోతాది ఈడ," అన్నాడు. నాకు జాలి కలగలేదు, సిగ్గు లేకుండా ఆ మాట ఒప్పుకుంటున్నాను. ఘటికుడు, ముందే దాటించేశాడు అనుకున్నాను.

శనివారం పొద్దున్నే మేస్త్రి నన్ను తొట్టి దగ్గరికి పిలిచాడు. ఒక పురికొస తీసుకుని లోపలి వాలు మీద పైఅంచు నుంచి అడుగు దాకా ఆనించి పట్టుకున్నాడు. "ఇప్పుడు కొలవండి సార్," అన్నాడు. టేపు పెట్టాను. సరిగ్గా మీటరు. నా కాగితంలో ఎనభై. "మీరు లోతు కొలిసినారు సార్. షీటు లోతులో అంటుకోదు గదా, వాలు మీద అంటుకుంటాది."

ఒక్కో పక్కా ఇరవై సెంటీమీటర్లు. తొట్టికి రెండు పక్కలు, పాతిక మీటర్ల పొడవు. తొట్టికి పది చదరపు మీటర్లు, అంటే తొట్టికో రోలు, మొత్తం రెండు. చచ్చానురా భగవంతుడా అనుకున్నాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, పదోతరగతి పిల్లలు కూడా చెయ్యని తప్పు చేశాను. అక్కడే నిలబడి కఫీల్‌కి ఫోన్ చేసి దొంగతనం లేదు, లెక్క తప్పింది నేనే అని చెప్పాను. ఆయన నాలుగు తిట్టి పెట్టేశాడు. మేస్త్రి ఇఖామా నిలబడింది. చేతులు పట్టుకుని తప్పయిపోయింది మేస్త్రీ అన్నాను. "లెక్కలన్నాక తప్పులు రావా సార్," అని మళ్లీ తొట్టిలోకి దిగాడు. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను.

ఎక్కడ అయిపోయింది! తర్వాతి గురువారం మేస్త్రే నా ముందుకొచ్చి, నేను అడక్కుండానే సంచి విప్పి చూపించాడు. ఆ పైవారమూ అంతే. వద్దు మేస్త్రీ, దణ్ణం పెడతా అన్నా వినేవాడు కాదు. "చూడండి సార్, మళ్లా మాట వద్దు," అనేవాడు. కోపంగా కాదు, సైటులో ఇదొక పద్ధతి అన్నట్టుగా. ఆ తర్వాత మేమిద్దరం ఇంకో రెండేళ్లు కలిసి పనిచేశాం. నా లెక్క దిద్దుకోవడానికి ఒక్క పొద్దు చాలింది గానీ, ఆయన నా ముందు సంచి విప్పడం మానడానికి ఆ రెండేళ్లూ చాలలేదు.