మందు డ్రమ్ములో మంచినీళ్ళు

పురుగుమందు డ్రమ్మును మంచినీళ్ళ కోసం బేరమాడి కొన్నవాడు నూజివీడు మొత్తం మీద నేనొక్కణ్ణే. ఇంకెవరైనా అలాంటిది ఇంటికి తెచ్చుకుని ఉంటే, ఊరికే వస్తోంది కదా అని తెచ్చుకుని ఉంటారు. నేను అలా కాదు. చెమటోడ్చి, ధర తగ్గించి, పదిమంది చూస్తుండగా గెలిచి తెచ్చాను. ఈ ఘనత ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.

మాది కిరాణా కొట్టు. మా ఇంట్లో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వస్తుంది. ముద్ద తినమంటే "ఎన్ని ముద్దలు? రెండు తగ్గించు" అనే వంశం. ఎనభైల్లో నాకు పాతికేళ్ళు నిండేసరికి నాన్న మోకాళ్ళు బెజవాడ బస్సెక్కడానికి మొరాయించడం మొదలుపెట్టాయి. కొట్టుకి సరుకు కొనుక్కొచ్చే పని ఆ వేసవి నుంచి నాకు అప్పగిస్తానన్నాడు. "ముందు ఇంట్లోకి ఏదైనా ఒక్క వస్తువు సరిగ్గా కొనుక్కురా. చూద్దాం" అని ఒక మెలిక పెట్టాడు. మిరపకాయల బస్తా బదులు తొడిమల బస్తా కొనుక్కొచ్చిన చరిత్ర నాది. ఆ మెలికకి కారణం అదే.

ఇంట్లోకి కావలసిన వస్తువు ఏమిటో వెతుక్కోనక్కర్లేదు. మా వీధి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. అమ్మ బిందెలు మోసి మోసి నడుం పట్టుకుని, "ఒక పెద్ద డ్రమ్మంటూ ఉంటే ఒకేసారి నింపి పడేద్దును కదా" అని ప్రతి బిందెకీ ఒకసారి అనేది. ఆ మాట నాన్న మీదకి వెళ్ళేది. నాన్న దాన్ని నా మీదకి మళ్ళించేవాడు.

మామిడి కమిషన్ కొట్ల దగ్గర ఒక వ్యాపారి ఉండేవాడు. పూత మీదే తోటలు కొనేస్తాడు. విస్సన్నపేట వైపు సగం తోటల్లో ఆయన మనుషులే కనిపించేవాళ్ళు. ఆయన ఎడ్లబండి వెనక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కనబడింది. నడుమెత్తున ఉంది. అప్పట్లో ప్లాస్టిక్ డ్రమ్మంటే మా వీధిలో టీవీ అంత గొప్ప.

"ఈ డ్రమ్ము ఇస్తారా అండీ?" అన్నాను.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. భుజం మీది తువాలు తీసి, నా కుడిచేతి మీద కప్పాడు.

ఆ క్షణంలో నేను మునిగిపోయాను.

మామిడి బేరంలో తువాలు కప్పడమంటే మాటలు కాదు. ఇద్దరూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళకి ఎంతన్నదీ తెలియకూడదు. తువాలు కప్పాక నోరు విప్పితే బేరం తప్పినట్టే. తోటలకి తోటలు, వేలకి వేలు అలా చేతులు మారేవి. చిన్నప్పటినుంచీ ఆ తువాళ్ళు చూస్తూ పెరిగినవాణ్ణి, నా చేతి మీద ఎవరూ ఎప్పుడూ కప్పలేదు. ఒక్క డ్రమ్ముకి కప్పాడాయన! పక్కన చిన్నరసాల గంపలు లెక్కపెడుతున్నవాళ్ళు పని ఆపి మరీ చూశారు. నేను ఛాతీ పొంగించాను.

వేలికి పది. వేలు సగం మడిస్తే అయిదు. ఆయన నా చెయ్యి మొత్తం పట్టుకుని ఇంకో రెండు వేళ్ళు గుచ్చాడు. డెబ్భై. నేను మూడు వేళ్ళు నొక్కాను. ఆయన ఆకాశం వైపు చూశాడు. నేను కూడా చూశాను, అక్కడ ఏమైనా ఉందేమోనని. అలా నొక్కుకుని, గుచ్చుకుని, గిల్లుకుని చివరికి నాలుగున్నర వేళ్ళ దగ్గర తెగింది. నలభై అయిదు రూపాయలు.

ఇంత తతంగంలో ఆ డ్రమ్ములో ఇంతకుముందు ఏం పోశారని అడగడానికి నాకు నోరు లేదు. ఉన్న నోరు తువాలు మూసేసింది.

అమ్మ డ్రమ్ము చూసి మెటికలు విరిచింది. నాన్న చుట్టూ తిరిగి, వేలితో కొట్టి, "ఎంత?" అన్నాడు. చెప్పాను. "ఊ" అన్నాడు. మా నాన్న నోట "ఊ" అంటే పద్మశ్రీ.

అప్పుడు నాయనమ్మ మూత తీసి తల లోపల పెట్టి, అంతే వేగంగా బయటకి తీసింది.

"ఒరేయ్, ఇదేంటి, కిరసనాయిలూ వెల్లుల్లీ కలిపి ఉడకేసినట్టు కంపు!"

"అది కొత్త వాసనే నాయనమ్మా. ప్లాస్టిక్ కదా."

"పాత డ్రమ్ముకి కొత్త వాసన ఏంట్రా?"

"కొత్తగా కొన్నాం కదా" అన్నాను. ఇంకో ప్రశ్న రాకముందే మూత పెట్టేశాను.

అమ్మకి ఒక నియమం ఉంది. కొత్త పాత్ర ఏదైనా చింతపండుతో, బూడిదతో తోమి, నీళ్ళు పోసి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, శుక్రవారం నాడు గానీ అందులోవి తాగకూడదు. ఆ నియమమే మా వంశాన్ని నిలబెట్టిందని అప్పుడు మాకు తెలియదు. నీళ్ళు పోయగానే బియ్యం కడిగినట్టు తెల్లబడ్డాయి. "ప్లాస్టిక్ పాలు వదులుతోంది" అన్నాను. ఎక్కడ నుంచి వచ్చిందో ఆ మాట! రెండోసారి పోసినా తెల్లగానే ఉన్నాయి. కొట్లోంచి పటిక తెచ్చి తిప్పాను. నీళ్ళు తేటపడతాయని చిల్లగింజ అరగదీసి కలిపాను. వాసనకి వట్టివేళ్ళు వేశాను. అదీ చాలక పచ్చకర్పూరం చిటికెడు వేశాను. ఇప్పుడు కిరసనాయిలూ వెల్లుల్లీ పూజగదిలోంచి వస్తున్నట్టు ఉంది.

"తీర్థంలా ఉంది కదూ?" అన్నాను.

"ఏ గుళ్ళోదిరా ఈ తీర్థం?" అంది నాయనమ్మ.

పారబోసిన నీళ్ళు వంటింటి గోడ వెంబడి పెరట్లోకి పోయేవి. మర్నాటికి చీమల బారు మాయమైంది. ఆ మర్నాడు బొద్దింకలు వెల్లకిలా పడుకున్నాయి. సాయంత్రం దోమ అన్నది లేదు. నేను వీధి అరుగు మీద కూర్చుని, "డ్రమ్ము కొన్న వేళావిశేషం. లక్ష్మి వచ్చింది, దోమ పోయింది" అని పక్కింటివాళ్ళకి కూడా చెప్పాను. పక్కింటాయన, "అయితే రెండు చెంబులు మా ఇంటి వైపు కూడా పారబొయ్యవయ్యా" అన్నాడు.

శుక్రవారం వచ్చింది. అమ్మ డ్రమ్ముకి పసుపు రాసి బొట్టు పెట్టి, కుళాయి నీళ్ళతో నింపింది. నాన్న పీట మీద కూర్చుని ఉన్నాడు. సరిగ్గా అప్పుడు పైనుంచి బల్లి ఒకటి ఆయన ఎడమ భుజం మీద ధబ్బున పడింది.

ఇల్లు ఇల్లంతా లేచింది. నాయనమ్మ పంచాంగం తెమ్మంది. ఎడమ భుజమా, మెడ దగ్గరా? మగవాళ్ళకి ఎడమయితే ఏమిటి, కుడి అయితే ఏమిటి? నాన్న కదలకుండా కూర్చుని, "తొందరగా చూడండి, ధనలాభమా, బంధునష్టమా?" అంటున్నాడు. నేను పేజీలు తిప్పుతున్నాను. ఈలోగా బల్లి భుజం మీంచి జారి కింద పడి, అలాగే ఉండిపోయింది. నాయనమ్మ వంగి చీపురు పుల్లతో కదిపింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది చచ్చి పడింది. పడి చచ్చింది కాదు."

"అయితే ఏంటమ్మా?" అన్నాడు నాన్న.

"చచ్చి పడ్డ బల్లికి శాస్త్రంలో ఫలం లేదు. లేచి స్నానం చెయ్యి."

ఫలం లేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బల్లి ఎందుకు చచ్చిందన్న ప్రశ్న పంచాంగంలో లేదు కాబట్టి మాకూ రాలేదు. నాన్నకి తప్ప. ఆయన స్నానానికి లేచినవాడల్లా ఆగి, డ్రమ్ము వైపు చూసి, గోడ వైపు చూసి, నా వైపు చూశాడు.

"ముందు నువ్వు తాగరా ఒక గ్లాసు."

"ఇవాళ నాకు ఉపవాసం నాన్నా."

"నీకా?"

"కొత్తగా మొదలుపెట్టాను."

మంచినీళ్ళకి ఉపవాసం అడ్డురాదని మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. నా సరుకుని నేనే నమ్మడం లేదని ఆ అబద్ధం నోట్లోంచి వచ్చాక గానీ నాకు తెలియలేదు. నాన్న మొహంలో బెజవాడ బస్సు వెనక్కి తిరిగిపోవడం కనబడింది.

అది అమ్మకి కూడా కనబడింది. "ఏవండీ, వాణ్ణి ఊరికే అంటారు మీరు. నా నడుం నొప్పి చూడలేక తెచ్చాడు బిడ్డ. నేను తాగుతా" అని డ్రమ్ములో గ్లాసు ముంచి ఎత్తింది.

నేను ఆ గ్లాసు తన్నడానికి కాలెత్తానో చెయ్యెత్తానో ఇప్పటికీ తెలియదు. గ్లాసు ఎగిరి గోడకి తగిలింది. కానీ అప్పటికే ఒక గుక్క లోపలికి వెళ్ళింది.

"ఉమ్మెయ్యమ్మా! ఉమ్మెయ్!"

"మింగేశానురా" అంది అమ్మ, పెద్ద తప్పు చేసినదానిలా. కాసేపట్లోనే ఒళ్ళంతా చెమట్లు పట్టి, నోట్లో నీళ్ళూరి, వాంతి చేసుకుంది. రిక్షాలో ఆమె తలని నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. రిక్షావాడు అడిగినంత ఇస్తానన్నాను. నా జీవితంలో అది మొదటిసారి.

డాక్టరుగారు కళ్ళల్లో లైటు వేసి చూసి, ఇంజక్షన్ ఇచ్చి, "పురుగుమందు. ఒక్క గుక్కే కాబట్టి సరిపోయింది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "ఎంతకి కొన్నావయ్యా ఆ డ్రమ్ము?" అన్నారు.

"నలభై అయిదండీ."

"ఎక్కువే."

సాయంత్రానికి అమ్మ కళ్ళు తెరిచి మజ్జిగ అడిగింది. అడిగిన వెంటనే, "ఏ నీళ్ళు పోసి చిలికారు?" అని కూడా అడిగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు కమిషన్ కొట్టుకి వెళ్ళి వ్యాపారి మీద అరిచాను. ఆయన బీడీ ఆర్పి, నిజంగానే కంగారుపడి, అమ్మ ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందన్నాక అసలు మాట చెప్పాడు.

"పూత మీద తేనెమంచు పురుగుకి మందు కలిపిన డ్రమ్మయ్యా అది. నీకూ తోటలకే కావాలనుకున్నా. మంచినీళ్ళకని ఒక్క మాట అనలేదు కదా నువ్వు."

"తువాలు కప్పారు కదండీ!"

"ముద్దుగా అడిగావని సరదాకి కప్పాను అబ్బాయ్. రెండు వేళ్ళకి ఇచ్చేద్దామనుకున్నా. మొదటే మూడు నొక్కావు."

ఇంటికి వచ్చేసరికి మైలవరం రోడ్డు మీద హోటలు నడిపే ఆయన హోటల్లో మంచినీళ్ళకి కావాలని మా పెరట్లో డ్రమ్ము చుట్టూ తిరుగుతున్నాడు. నాన్న బేరం నాకే వదిలేసి, పెరటి అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. హోటలాయన నన్ను చూడగానే తువాలు తీసి నా చేతి మీద కప్పి, అయిదు వేళ్ళూ పట్టుకుని, ఇంకొకటి గుచ్చాడు. అరవై! నా రక్తం ఒక్కసారి ఉరకలేసింది. అబద్ధం ఎందుకు, వేళ్ళు వాటంతటవే ఇంకొకటి నొక్కబోయాయి. చెయ్యి లాక్కున్నాను.

"పురుగుమందు డ్రమ్మండీ. మీకు పనికిరాదు."

ఆయన నవ్వాడు. "కొట్టువాళ్ళ పిల్లాడివి అనిపించావు. సరే, డెబ్భై."

"విషమండీ బాబూ! మా అమ్మ చావు తప్పి బయటపడింది!"

"అమ్మని కూడా బేరంలోకి లాగుతున్నావే! ఎనభై. ఇంతకంటే పైసా ఇవ్వను."

కొనేవాడు సరుకుని తిట్టడం మా లోకంలో మామూలే. అమ్మేవాడే తిడితే అది మరీ పెద్ద ఎత్తనుకున్నాడాయన. నేను ఎంత నిజం చెబితే అంత ధర పెరుగుతోంది. ఆయన హోటల్లో పొద్దున్నే ఇడ్లీ తిని గ్లాసెత్తే మైలవరం బస్సు జనమంతా కళ్ళముందు కనబడ్డారు. ఇంక లాభం లేదని గునపం తెచ్చి డ్రమ్ము అడుగున రెండు పోట్లు పొడిచాను.

హోటలాయన నిర్ఘాంతపోయాడు. తేరుకుని, "చిల్లులు పడ్డాయి కాబట్టి నలభై. బియ్యం పోసుకుంటా" అన్నాడు.

ఇంకో నాలుగు పోట్లు పొడిచి, గొడ్డలితో నిలువునా చీల్చాక గానీ వెళ్ళలేదు. కూలి మనిషిని పెట్టి, బావులకి దూరంగా ఊరిబయట గట్టు మీద లోతైన గొయ్యి తీయించి ఆ ముక్కలు పూడ్పించాను.

నాన్న అరుగు దిగి వచ్చాడు. "అడక్కుండా కొన్నావు. అడిగినా అమ్మలేకపోయావు. కాటా దగ్గర కూర్చో నాన్నా, బెల్లం తూచు" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ సోమవారం మోకాళ్ళకి ఆముదం రాసుకుని బెజవాడ బస్సు తనే ఎక్కాడు. సాయంత్రానికి సరుకుతో పాటు కొత్త డ్రమ్ము ఒకటి బస్సు టాపు మీద వేసుకొచ్చాడు. తొంభై రూపాయలట. బేరమాడాడా అని అడిగాను. "ఇందులో ఏం పోశారని అడిగాను. ఏమీ పోయలేదన్నాడు. ఇచ్చేశాను" అన్నాడు.

ఆ రాత్రి అమ్మ, "అసలు మొత్తం ఎంతయిందిరా? దాచకుండా చెప్పు" అంది. చెప్పాను. డ్రమ్ము నలభై అయిదు. ఇంటికి చేర్చిన బండికి ఎనిమిది. పటిక, చిల్లగింజలు, వట్టివేళ్ళు, పచ్చకర్పూరం కొట్లోవే అయినా అసలు ధరకే వేశాను, పన్నెండు. రిక్షా రానూపోనూ ఆరు. డాక్టరుగారికీ మందులకీ యాభై అయిదు. గొయ్యి తీసిన కూలి పది. వెరసి నూట ముప్ఫై ఆరు. చీమలూ దోమలూ పోయిన లాభం కింద ఏమైనా తగ్గించమన్నాను, అమ్మ ఒప్పుకోలేదు. ఆ డబ్బుకి మొదటే తొంభై పెట్టి కొత్త డ్రమ్ము కొని, సరదా తీరకపోతే నలభై అయిదుకి ఆ మందు డ్రమ్ము కూడా కొనుక్కుని, ఇంకా ఒక రూపాయి జేబులో వేసుకునేవాణ్ణి.