నడుంనొప్పి ఇన్‌స్పెక్టరు

ఇంటిపన్నుల ఇన్‌స్పెక్టరుకి ఒకటే జబ్బు. ఎవరింటికి తనిఖీకి వెళ్లినా అక్కడ పడుకుంటాడు.

గదులన్నీ టేపుతో శుభ్రంగా కొలుస్తాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకుంటాడు. ఆ తర్వాత నడుం మీద చెయ్యేసుకుని "అబ్బా!" అంటాడు. "కాస్త నడుం వాలుస్తానమ్మా, ఏమీ అనుకోకండి" అంటూ నేలమీద వెల్లకిలా పడిపోతాడు. ఒక గదిలో కాదు, ప్రతి గదిలోనూ. వంటింట్లో పొయ్యి పక్కనా పడుకున్నాడు, మెట్ల కిందా పడుకున్నాడు. స్నానాల గదిలో కూడా పడుకున్నాడంటారు గానీ, అది గిట్టనివాళ్లు పుట్టించిన మాట. అక్కడ కూర్చున్నాడంతే. ఊళ్లో అందరూ ఆయన్ని నడుంనొప్పి ఇన్‌స్పెక్టరనే పిలిచేవాళ్లు.

ఈ జబ్బుకి చాకిరీ అంతా ఆయన భార్యది. ఆయన చొక్కా ముందునుంచి చూస్తే పెళ్లికొడుకు చొక్కా. వెనకనుంచి చూస్తే ఊరంతా ఊడ్చిన చీపురు.

"ఇవాళ బట్టీల వీధికి వెళ్లారా?" అనేది ఆవిడ, చొక్కా నీళ్లలో ముంచుతూ.

"నీకెవరు చెప్పారు?"

"మీ వీపు చెప్పింది. నిండా ఇటుకపొడే."

పొద్దుగూకితే తైలం సీసా తీసేది.

"ఇక్కడేనా?"

"ఇంకాస్త కింద."

"ఇక్కడా?"

"ఇప్పుడు పైకెళ్లింది."

ఆ నొప్పి ఏనాడూ ఒకచోట నిలవలేదు. ఆవిడ చేతులు మాత్రం ఏళ్ల తరబడి దాని వెంట తిరుగుతూనే ఉన్నాయి.

అలాగని ఆ నడుం పనికిరానిదేం కాదు. ఒకసారి ఓ కాంట్రాక్టరు తన మేడమీది గది చూపించి, "ఇది గోడౌనండీ, ఉల్లిపాయల బస్తాలు వేసుకుంటాం" అన్నాడు. ఇన్‌స్పెక్టరు బస్తాల పక్కనే వాలాడు. నేలమీద పడుకుని చూస్తే బస్తాల సందులోంచి మంచం కోళ్లు కనిపించాయి. తలెత్తితే ఏసీ.

"ఉల్లిపాయలకి ఏసీ ఎందుకండీ?"

"ఎండలు కదండీ. ఉక్కపోస్తుంది పాపం."

"మంచం కూడా వాటికేనా?"

ఆ గది పన్నులోకి ఎక్కింది.

ఇంత తైలం రాసినా తగ్గకపోయేసరికి భార్యకి భయం పట్టుకుంది. ఆయన వద్దంటున్నా వినకుండా డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు వంచి చూశాడు, లేపి చూశాడు, సుత్తితో తట్టి చూశాడు.

"అమ్మా, ఈ నడుం మీద మేడ కట్టుకోవచ్చు. ఏ నొప్పీ లేదు. అది సరే, మీ చేతులేంటి అలా వాచాయి?"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఆయన తనిఖీ టైలరమ్మ వీధిలో. జాకెట్టు గుడ్డ ఒకటి సంచిలో వేసుకుని ఆయనకంటే ముందే టైలరమ్మ ఇంట్లో కూర్చుంది, ఈ దొంగ నొప్పి సంగతేంటో కళ్లారా చూద్దామని.

టైలరమ్మ ఒంటరి మనిషి. ప్రభుత్వం మనిషి వస్తున్నాడని గోడలకి కొత్త సున్నం వేయించింది. మంచం మీద పెట్టెలోని దుప్పటి పరిచింది. పక్కింటి నుంచి గాజు గ్లాసులు తెచ్చింది. ఉన్నవాళ్లు ఇల్లు దాచుకుంటారు గానీ, లేనివాళ్లు ముస్తాబు చేసి చూపిస్తారు. పోయినసారి వచ్చిన వేరే ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచే ఆ ముస్తాబు చూసి, మొదటిరకం ఇల్లని రాసుకుపోయాడు. ఆ పన్ను కట్టడానికే టైలరమ్మ రెండు మిషన్లలో ఒకటి అమ్మేసిందని వీధి వీధంతా తెలుసు. ఆవిడ మాత్రం "గది విశాలంగా ఉంటుందని ఇచ్చేశా వదినా" అంటుంది. ఈసారీ మొదటిరకమే అయితే మిగిలిన మిషనూ వెళ్లిపోతుంది, దాంతోపాటే ఆవిడ తిండీ.

ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చి, భార్యని చూసి కూడా ఏమీ ఎరగనట్టు కొలతలు మొదలుపెట్టాడు. ఆవిడ ఆయన మీదినుంచి చూపు తిప్పకుండా కూర్చుంది. అంతలో మిషను వెనక గుడ్డ కప్పిన బకెట్టు ఆవిడ కంటపడింది. నోరు ఊరుకోలేదు.

"అయ్యో, ఇల్లు కురుస్తోందా?"

టైలరమ్మ మొహం కందిపోయింది. "కురవడమా? చుక్క పడదు వదినా! మాది మొదటిరకం ఇల్లు. రాసుకోండి అన్నయ్యగారూ!"

అనేసింది గానీ, ఆవిడ చెయ్యి మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుంది. ఇన్‌స్పెక్టరు పెన్ను గాల్లో ఆగిపోయింది. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంది భార్య.

"అబ్బా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు నడుం పట్టుకుని. "ఏదో అన్నట్టున్నావు చెల్లెమ్మా? నాకు ఈ నొప్పి లేచిందంటే చెవులు వినిపించవు."

ఆ మాటంటూనే నేలమీద వాలిపోయాడు.

ఆయన చూపు పోయిన వైపే భార్య చూపూ పోయింది. అందరూ చూసేది గోడలు. పైన తెల్లటి ప్లాస్టిక్ పట్టా కట్టి ఉంది. అది నీళ్ల బరువుకి పొట్టలా కిందికి వేలాడుతోంది. దాని అంచున పెంకుల సందులోంచి ఇంత ఆకాశం కనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టరు లేచి దులుపుకున్నాడు. "పోయినసారి మావాళ్లు తప్పు రాశారు చెల్లెమ్మా. ఇది మూడోరకంలోకి వస్తుంది. నువ్వు ఎక్కువ కట్టినదంతా ముందు ముందు పన్నులో తగ్గిస్తారు. మా పొరపాటుకి ఏమీ అనుకోకు."

టైలరమ్మ చక్రం మీదినుంచి చెయ్యి తీసి జాకెట్టు గుడ్డ అందుకుంది.

"దీనికి కుట్టుకూలి వద్దు వదినా. ఆ డబ్బుతో అన్నయ్యగారికి మంచి తైలం కొనండి" అంది నవ్వుతూ.

వీధిలోకి రాగానే భార్య అందుకుంది. "ఇన్నేళ్లూ లేని నొప్పికి నా చేత తైలం రాయించారా?"

"మీ ఇల్లు కురుస్తుందా అని అడిగితే ఎవరైనా కురవదనే అంటారే. అన్నాక నేనది రాయాలి. అందుకే అడగను, పడుకుంటాను."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"చెబితే తైలం రాసేదానివా?"

కోపం రావాల్సిన చోట ఆవిడకి నవ్వొచ్చింది. ఈ మనిషి మీద ఎక్కడలేని ముద్దూ వచ్చింది. వీపు దుమ్ము తట్టబోయి, ఎలాగూ మళ్లీ అంటుకునేదేగా అని మానుకుంది.

పక్కింటి గుమ్మంలో ఒక ముసలాయన ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ నిలబడ్డాడు. లోపలినుంచి కొత్త సున్నం వాసన వస్తోంది. ఇన్‌స్పెక్టరు నోరు తెరిచేలోపే భార్య ముందుకి నడిచింది.

"బాబాయిగారూ, చాప ఉంటే కాస్త వేయిస్తారా? మా ఆయనకి నడుంనొప్పి. అన్నట్టు, ఆయనతో ఏమైనా చెప్పాలనుకుంటే తర్వాత చెప్పండి. నొప్పి లేచిందంటే చెవులు వినిపించవు."