రెండు కార్లూ రాసుకున్నాయి

నేను రాసుకుని బతికేవాణ్ణి. మా కారు ఎడమ తలుపుకు జరిగింది కూడా రాసుకోవడమే. ఈ రెండింటికీ తెలుగులో ఒకటే మాట ఉండడం వల్ల, ఆ మాట మీద నాకు అతినమ్మకం ఉండడం వల్ల, మా ఆవిడ నెల రోజులపాటు స్టీరింగు ముట్టుకోలేదు.

మా ఆవిడ నర్సు. యాభై ఒకటో ఏట ఆవిడను వార్డు ఇన్‌చార్జిని చేసి, రాయదుర్గం అవతల కొత్తగా తెరిచిన ఆసుపత్రికి పంపించారు. మేముండేది గోపన్‌పల్లిలో. పొద్దున్న ఎనిమిదింటి డ్యూటీకని క్యాబ్ పిలిస్తే, డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి మేడమ్?" అని అడిగేవాడు. చెప్పగానే రద్దు చేసేవాడు. వారం రోజులు అలా గడిచాక, "ఇగ వీళ్ళను బతిమిలాడుడు నాతోని కాదు" అని ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. నాకు లైసెన్సు వచ్చి పాతికేళ్ళయింది, ధైర్యం ఇంకా రావలసి ఉంది. ఆవిడకు ధైర్యం ముందు వచ్చింది, లైసెన్సు రెండో ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి ఒంటరిగా ఫ్లైఓవర్ ఎక్కి దిగిన రోజున ఇంటికొచ్చి ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ఫ్లైఓవర్ కాస్త ఎత్తు పెరిగింది కూడా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు పోయింది తలుపు మీద రంగు ఒక్కటే కాదని తెలియడానికి.

రోజూ ఆవిడ నన్ను రాయదుర్గంలో మా ఆఫీసు దగ్గర దించి వెళ్ళేది. ఆ రోజు ఇంకో రెండు నిమిషాల్లో దిగుతాననగా ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. కారు నిలబడింది. మాకు ఎడమ పక్కన ఒక పెద్ద భవనం, దాని సెల్లార్ లోంచి పైకి వచ్చే దారి. ఆ దారిలోంచి ఒక కారు వచ్చి మా తలుపును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీరుకుంటూ ఆగింది. నేను ఆ తలుపుకే ఆనుకుని ఉన్నాను. చప్పుడు నా మోచేతిలోకి వచ్చింది. నేనేం చూశానంటారా? ఫోన్ చూశాను.

దిగిన మనిషికి నలభై ఏళ్ళుంటాయి. మెళ్ళో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మమ్మల్ని చూసి వేలెత్తి, "వన్ సెకండ్, మ్యూట్‌లో పెడతాను" అని, ఎవరినో మ్యూట్‌లో పెట్టి, అప్పుడు కంగారు పడ్డాడు.

"సారీ అండి. మీటింగులో ఉన్నానండి, చూసుకోలేదు."

అంత మర్యాదగా తప్పు ఒప్పుకున్న మనిషిని ఒంటరిగా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. మాది గోదావరి జిల్లా. ఎదుటివాడు ఒక మెట్టు దిగితే మేం రెండు మెట్లు దిగకపోతే అన్నం సహించదు.

"అయ్యో, పర్లేదండి. మాది కూడా కాస్త ముందుకొచ్చినట్టుంది" అన్నాను.

మా ఆవిడ నా వైపు చూసింది. ఇంజెక్షన్ ఇచ్చే ముందు సూదిని వెలుగుకు పట్టి చూసే చూపు అది. ఈలోగా కానిస్టేబుల్ వచ్చి, "మాట్లాడుకునుడు తర్వాత, జర బండ్లు పక్కకు తియ్యుండ్రి" అన్నాడు. అతను మళ్ళీ వెళ్ళి మా వరుసకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఫొటోలు తీసుకున్నాం, నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం, ఎవరి ఆఫీసుకు వాళ్ళం పోయాం.

ఆ సాయంత్రం బీమా కంపెనీకి పంపే వివరం నేనే రాశాను. ఇంట్లో నడపడం ఆవిడ పని, రాయడం నా పని. ఆ పనిలో నాకున్న అనుభవం గురించి ఒక మాట చెప్పాలి.

మా కంపెనీలో ఏ సిస్టమ్ అయినా కుప్పకూలితే, ఏం జరిగిందో నివేదిక రాసేది నేను. ఆ నివేదికకు మా దగ్గర ఒక ఆచారముంది. ఎవరి పేరూ రాకూడదు, ఎవరి తప్పూ కనిపించకూడదు. "డేటా తొలగిపోయింది" అని రాస్తాను. తొలగించినవాడు నా పక్క సీట్లోనే సమోసా తింటూ ఉంటాడు. ఆచారం మంచిదే, భయం లేకపోతే మనుషులు నిజం చెబుతారు. కానీ పద్నాలుగేళ్ళుగా కర్త లేని వాక్యాలకు కర్తనై ఉండడం వల్ల నాకు చెయ్యి అలా తిరిగిపోయింది. వాక్యంలోంచి కర్తను తీసేస్తాను, ఆ తర్వాత ఎవరి కర్మ వాళ్ళది.

ఫారంలో "మీ భాషలో రాయవచ్చు" అని ఉంది. ఉత్సాహం ఆగలేదు. "రాయదుర్గంలో, సెల్లార్ దారి మొదట్లో, రెండు కార్లూ రాసుకున్నాయి" అని రాసి, నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయి, పంపించాను.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. మరమ్మతు ఖర్చు మంజూరైంది. కింద ఒక వరుసలో, వాహనాలు రెండూ ఒకదానికొకటి రాసుకున్నాయి కాబట్టి బాధ్యత ఇరువైపులా సమానం అని ఉంది. నా తెలుగును ఎవరో ఇంగ్లీషులోకి చాలా చక్కగా మార్చారు. వేలెత్తి చూపడానికి నాకేమీ దొరకలేదు.

మా ఆవిడ అది చదివి బల్ల మీద పెట్టింది.

"సగం నాదంట" అంది.

మర్నాటి నుంచి మళ్ళీ క్యాబ్ పిలవడం మొదలుపెట్టింది. కారు రిపేరై వచ్చింది, తలుపు కొత్తదానిలా మెరుస్తోంది, ఆవిడ దాని పక్కనుంచే నడిచి గేటు దగ్గరికి పోయేది. మొదట అలక అనుకున్నాను. అలకైతే నాకు అలవాటే. ఒక ఆదివారం ఆవిడ ఓ కాగితం మీద రోడ్డు, కానిస్టేబుల్, సెల్లార్ దారి గీసి, పెన్సిల్‌తో మా కారును కాస్త వెనక్కీ కాస్త కుడికీ జరుపుతూ కూర్చుంది. అప్పుడు నాకు భయమేసింది. తప్పు మొత్తం మనదే అంటే ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు. సగం అంటే మాత్రం ఆ సగం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఎంత నిజాయితీ గల మనిషైతే అంత ఎక్కువగా వెతుక్కుంటుంది, దొరక్కపోతే తయారు చేసుకుంటుంది కూడా.

నేను బీమా కంపెనీకి ఫోన్ చేశాను.

"క్లెయిమ్ పాస్ అయింది కదా సార్, ఇంక ప్రాబ్లెం ఏంది?" అన్నాడు ఫోనెత్తినతను.

"సగం తప్పు మాదని రాశారండి."

"సగమే కదా సార్. పైసలల్ల కోత ఏం పడలే. ఫికర్ చెయ్యకుండ్రి."

రెండోసారి చేసినప్పుడు ఇంకో గొంతు అదే మాట చెప్పింది. మెయిల్ రాస్తే, మీ క్లెయిమ్ విజయవంతంగా ముగిసింది, మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని జవాబు వచ్చింది. వచ్చే డబ్బు వచ్చాక కూడా పోట్లాడే మనిషిని ఏ విభాగానికి పంపాలో వాళ్ళ దగ్గర ఏర్పాటు లేదు. చివరికి సెలవు పెట్టి, మాదాపూర్‌లో ఉన్న వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను.

క్లెయిములు చూసే అధికారి ఒకావిడ. మా వైపు మాటే. కళ్ళజోడు సర్దుకుని ఫైలు తెరిచారు.

"ఇది మీరు రాసిందే కదండీ?"

"నేనేనండి. అది వాడుక మాటండి. రాసుకున్నాయి అంటే, వాళ్ళ కారు మా కారుకు తగిలిందని."

"కొట్టుకున్నారు అంటే ఇద్దరూ కొట్టినట్టే కదండీ? తిట్టుకున్నారు అన్నా అంతే కదా?"

వ్యాకరణం తెలిసిన అధికారులు లేరని ఎన్నోసార్లు వాపోయాను. దొరకకూడని చోట ఒకరు దొరికారు.

"అవతలి ఆయన కూడా రాశారండి. 'మాది కూడా ముందుకొచ్చిందని వాళ్ళే ఒప్పుకున్నారు' అని. ఆ మాట అన్నదెవరు?"

"నేనేనండి."

"బండి నడిపింది?"

"మా ఆవిడ."

"ముందుకు రావడం మీరు చూశారా అండీ?"

"లేదండి. ఫోన్ చూస్తున్నాను."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోపం లేదు ఆ మొహంలో, నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

"మరి మీరెందుకు రాశారండీ?"

నమస్కారం పెట్టి లేచాను. జవాబు మెట్రోలో కూర్చున్నాక దొరికింది. రాయడం నా పని కాబట్టి రాశాను. ఏం జరిగిందని ఆవిడను అడగాలనే తోచలేదు. వినయం అనుకుని నేను రోడ్డు మీద పంచిపెట్టింది నా సొత్తు కాదు. ఆవిడది.

ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. జరిగింది జరిగినట్టు, కర్తతో సహా, చెప్పాను.

"పాపాలు ఒప్పుకోవాలనిపిస్తే ఆదివారం చర్చిల ఒప్పుకోండ్రి" అంది, చెయ్యి ఆపకుండా. "అది గూడ మీవి ఒప్పుకోండ్రి. నావి గిట్ల రోడ్డు మీద ఒప్పుకునుడేంది?"

"పొరపాటైపోయింది."

"అయిపోయిందా? ఎవలు చేస్తే అయింది?"

"నేను చేశాను."

"ఇన్ని దినాల సంది నేనెక్కడ తప్పు చేసిన్నో దేవులాడుతున్న. సెల్లార్ దారికి అడ్డంగ పెట్టిన్నా, అద్దం చూడలేదా, ఇంకో జానెడు వెనకకు ఆపాల్సి ఉండెనా అని. నన్నొక్క మాట అడిగిన్రా మీరు?"

అడగలేదు. అదే చెప్పాను. కాసేపు ఇద్దరం చిక్కుడుకాయలు ఒలిచాం. తర్వాత ఆవిడ చేతులు కడుక్కుని, కాగితం తీసుకుంది.

నర్సులు డ్యూటీ దిగేముందు రోగి గురించి రాసిపెట్టే పద్ధతి ఒకటుంది. టైము వేస్తారు, కళ్ళతో చూసింది రాస్తారు, చేతులతో చేసింది రాస్తారు, సంతకం పెడతారు. అనుకున్నవీ అనిపించినవీ రాయరు. ఆవిడ అలాగే రాసింది. "ఉదయం ఏడు నలభై. కానిస్టేబుల్ చెయ్యి చూపించిండు. నేను బండి ఆపిన. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచిన. ఎడమ దిక్కు సెల్లార్ నుంచి కారు వచ్చి నా కారు తలుపును గీకింది. నేను కదలలేదు. నా భర్త ఫోన్ చూస్తున్నడు, ఆయన ఏమీ చూడలేదు." కింద సంతకం.

"ఈ 'గీకింది' దగ్గర..." అంటూ నేను పెన్ను తీశాను.

"పెన్ను కింద పెట్టుండ్రి."

పెట్టాను.

వారం తర్వాత అధికారి ఫోన్ చేశారు. మా ఆవిడ స్పీకర్‌లో పెట్టింది.

"మేడమ్, మీ వివరం చూశామండి. కానిస్టేబుల్ చెయ్యెత్తి ఉండడం అవతలి వాళ్ళ ఫొటోలోనే పడిందండి. రిపోర్టు మారుస్తున్నాం. మీ వైపు బాధ్యత లేదని రాస్తాం. ఒకసారి చదువుతాను, వినండి. 'వాహనం ఆగి ఉండగా, ఎడమ వైపు నుంచి వచ్చిన కారు...'"

"ఆగలేదమ్మా" అంది మా ఆవిడ.

నేను కుర్చీ ముందుకు లాక్కున్నాను.

"ఆగలేదా అండీ?"

"దానంతట అది ఆగలే. నేను ఆపిన. ఆగుడు వేరే, ఆపుడు వేరే. నేను ఆపి ఉంచిన అని రాయుండ్రి."

కీబోర్డు చప్పుడు వినిపించింది. నేనైతే ఒక అక్షరం కోసం ఇంత గొడవా అని, పర్లేదండి, ఏదైనా ఒకటే అనేసి ఉండేవాణ్ణి.

"'డ్రైవరు వాహనాన్ని ఆపి ఉంచగా.' సరిపోయిందా అండీ?"

"ఇగ సరిపోయింది."

మర్నాడు ఏడింటికి ఇద్దరం కార్లో బయలుదేరాం. ఆ సెల్లార్ దారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేగం తగ్గించింది. నేను మెడ చాచి ఎడమ వైపు చూసి, "ఎవరూ రావట్లేదు, వెళ్ళు" అన్నాను.

"చూసే చెప్తున్నరా?"

ఇంకోసారి చూశాను. చూసే చెబుతున్నానన్నాను.